చుట్టూ మోత, నడుమ మాట

మా నిర్మల్‌లో కొత్త ఇంటి గృహప్రవేశానికి వెళ్తే నడిమింట గోడకు పెద్ద టీవీ, దాని చుట్టూ నల్లని పెట్టెలు కనిపించడం మామూలైపోయింది. సంగీతమూ సినిమా ఇంటికి రావడం శుభమే. నా తగవంతా ఆ పెట్టెలను ఎన్నుకొనే తీరుతోనే. "ఐదా, ఏడా, తొమ్మిదా?" అని లెక్క అడిగేవారే గాని "మాట తెలుస్తున్నదా?" అని అడిగేవారు కానరారు. సరౌండ్ స్పీకర్ల ఎంపికలో చివరగా చూడవలసినది సంఖ్య అని నా వాదం.

మొదట వాట్ల సంగతి. చవక పెట్టెల మీద వేల వాట్ల పి.ఎం.పి.ఓ. అని అచ్చువేస్తారు. గోడకున్న 6 ఆంపియర్ల సాకెట్టు 230 వోల్టుల వద్ద నిలకడగా ఇవ్వగలిగినది 1380 వాట్లే. సాకెట్టుకే లేని శక్తి పెట్టెకు ఎక్కడిది? పి.ఎం.పి.ఓ.కు అందరూ ఒప్పుకొన్న కొలత లేదు. చూడవలసినది ఆర్.ఎం.ఎస్. అంకె. అదైనా రెట్టింపైతే పెరిగే ధ్వని 3 డెసిబెళ్ళు మాత్రమే.

వాక్యానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ కావాలని తర్కసంగ్రహం చదివినవారికి తెలుసు. స్పీకర్లకూ ఈ మూడే కావాలి.

ఆకాంక్ష అంటే ఒకటి మరొకదానిని కోరడం. ముందరి మూడూ ఒక కంపెనీవి, వెనుకటి రెండూ ఎక్కడో చవకగా దొరికినవి అయితే, ముందునుండి వెనుకకు సాగే లారీ చప్పుడు దారిలోనే ఆటో చప్పుడవుతుంది. ఐదూ ఒకే శ్రేణివి కావాలి. వెనుకటివి చిన్నవైనా నష్టం లేదు. సుమారు 80 హెర్ట్‌జ్‌కు దిగువనున్న మోతను సబ్‌వూఫరుకు అప్పగించవచ్చు.

యోగ్యత రెండు విధాలు. ఆంప్లిఫయరు వెనుక 6 ఓములకు తగ్గరాదని రాసి ఉంటే 4 ఓముల స్పీకరు తగిలించరాదు, వేడెక్కి చెడిపోవచ్చు. ఇంటికీ యోగ్యత ఉంటుంది. 2012లో 'బ్రేవ్' చిత్రంతో సినిమాశాలలకు వచ్చిన డాల్బీ ఆట్మాస్‌ను ఇంట వినిపించడానికి, ధ్వనిని పైకప్పుకు కొట్టి కిందికి దించే స్పీకర్లు అమ్ముతున్నారు. వాటికి చదునైన కప్పు కావాలి. గూనపెంకుల వాలు కప్పు కింద అవి దండుగ.

సన్నిధి అంటే ఉండవలసిన చోట ఉండడం. కూర్చున్నవాని ఎదుటి సూటిని సున్నగా లెక్కిస్తే, వెనుకటి రెండింటికీ అంతర్జాతీయ సిఫారసు చెప్పే చోటు ఇరుపక్కలా 100 నుండి 120 డిగ్రీల మధ్య. చెవికి పక్కగా, కొంచెం వెనుకగా అన్నమాట. సోఫాను వెనుక గోడకు ఆనించిన ఇంట ఏడింటికి చోటేది? అమెరికాలో నేలమాళిగను సినిమా గదిగా మార్చుకొన్న మిత్రులకు ఏడూ తగవచ్చు. వారితో నాకు పేచీ లేదు.

ఇప్పుడు అసలు మాట. సినిమాలో సంభాషణ అధికభాగం మధ్య స్పీకరులోనుండి వస్తుంది. డబ్బు మొదట పెట్టవలసినది అక్కడ. తెలుగులో అల్పప్రాణానికీ మహాప్రాణానికీ తేడా ఒక్క ఊపిరి. సబ్‌వూఫరు ఆ ఊపిరిని మింగితే ఖరము కరమవుతుంది; గాడిదకూ చేతికీ భేదముండదు. నున్నని బండలు, బోసి గోడలు ప్రతిధ్వనితో మాటను ఇంకా చెరుపుతాయి. రెండు అదనపు స్పీకర్ల కంటే ఒక జంపఖానా, మందపు పరదాలు మేలు.

"పంతులుగారూ, బాహుబలిలో యుద్ధం చుట్టూ మోగకుంటే ఎట్లా?" అంటారు యువకులు. మోగవలసినదే నాయనా! ఏ చప్పుడు ఎటునుండి రావాలో ఆ చిత్రానికి శబ్దరూపకల్పన చేసిన పి.ఎం. సతీశ్ నిర్ణయించి ఉంచినారు. దానిని వినిపించేవి సరైన చోట నిలిపిన పెట్టెలే గాని తోచిన చోటల్లా తగిలించినవి కావు. వెనుక స్పీకరు ఉన్నదని మాటిమాటికీ గుర్తుకు వస్తే దాని ధ్వని ఎక్కువైనట్టే.

ఇంట ముసలివారు "ఏమన్నాడు బిడ్డా?" అని అడుగుతారు. పిల్లలు సౌండు పెంచుతారు. మోత పెరుగుతుంది, మాట పెరగదు. కొన్నాళ్ళకు వారు అడగడం మాని లేచి లోపలికి పోతారు. వేలు పోసి తెచ్చిన వినోదం ఇంటి పెద్దనే వెలివేస్తే అది ఎవరి కోసం?

కనుక కొట్టుకు పోయినప్పుడు యుద్ధఘట్టం వద్దనండి. ఇద్దరు మెల్లగా మాట్లాడుకొనే ఘట్టం వేయించండి. ఇంటి పెద్దను వెంట తీసుకొనిపోండి. వారికి ప్రతి మాటా తెలిసిన పెట్టెలకే డబ్బు చెల్లించండి.