గుట్టు చెడకుండానే చికిత్స నిలిచే దారి

- హెచ్‌ఐవీ మాత్రకు ఇతర మందులతో చిక్కు
- క్షయ, మధుమేహం ఉన్నవారికి మరింత జాగ్రత్త అవసరం

ఏఆర్‌టీ కేంద్రంలో ఇచ్చిన మాత్రలు ఒక సంచిలో, మరో వైద్యుడు రాసినవి వేరొక సంచిలో. ఒకరి చీటీ మరొకరికి చూపరు. ఊరిలో తెలిసిపోతుందన్న భయంతో హెచ్‌ఐవీ బాధితులు పలువురు ఇలాగే నెట్టుకొస్తుంటారు. ఈ దాపరికమే చికిత్సను దెబ్బతీసే ప్రమాదముంది.

దేశంలో ఉచిత ఏఆర్‌టీ చికిత్స 2004 ఏప్రిల్ 1న ప్రారంభమైంది. ప్రస్తుతం పెద్దల్లో అత్యధికులకు టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒకే మాత్రను రోజుకొకసారి ఇస్తున్నారు. ఇందులో డోలుటెగ్రావిర్‌కు కొన్ని మందులతో పొసగదు.

క్షయ చికిత్సకు కీలకమైన రిఫాంపిసిన్ రక్తంలో డోలుటెగ్రావిర్ శాతాన్ని తగ్గిస్తుంది. అదనపు మోతాదు లేకుంటే వైరస్ తిరిగి విజృంభించవచ్చు. అందువల్ల రోజువారీ మాత్ర వేసుకున్న 12 గంటలకు 50 మిల్లీగ్రాముల డోలుటెగ్రావిర్ అదనంగా ఇస్తారు. రిఫాంపిసిన్ ఆపిన తరువాత కూడా రెండు వారాలు దీనిని కొనసాగించాలి. మూర్ఛవ్యాధికి వాడే కార్బమజెపైన్, ఫెనిటాయిన్‌తోనూ ఇదే చిక్కు.

మధుమేహ రోగుల్లో పరిస్థితి దీనికి భిన్నం. డోలుటెగ్రావిర్ వల్ల ఒంట్లో మెట్‌ఫార్మిన్ శాతం పెరుగుతుంది. కనుక సాధారణంగా రోజుకు 1000 మిల్లీగ్రాములు మించకుండా చూస్తారు.

చిన్నవిగా కనిపించే మందులతోనూ ఇబ్బందే. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ మందులు డోలుటెగ్రావిర్‌ను కడుపులోనే పట్టి ఉంచుతాయి. వీటికి రెండు గంటల ముందు గానీ, ఆరు గంటల తరువాత గానీ హెచ్‌ఐవీ మాత్ర వేసుకోవాలి. గర్భిణులకిచ్చే ఐరన్, కాల్షియం మాత్రలకూ ఇదే నియమం. అయితే భోజనంతో పాటు అయితే వీటిని కలిపి వేసుకోవచ్చు.

2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం రోగి గోప్యతకు రక్షణ కల్పిస్తోంది. హెచ్‌ఐవీ కారణంగా వైద్యం నిరాకరించడాన్ని నిషేధిస్తోంది. అయినా నలుగురూ వేచి ఉండే పల్లె క్లినిక్‌లో రోగి నోరు విప్పలేకపోవడం సహజమే.

దీనికో మార్గం ఉంది. రోగి సంగతి ఏఆర్‌టీ కేంద్రానికి ముందే తెలుసు. బయట రాయించుకున్న ప్రతి చీటీ, కొన్న ప్రతి మందు అక్కడ చూపితే కొత్తగా ఎవరికీ గుట్టు తెలియదు. మోతాదును సరిచేసే బాధ్యత అక్కడి వైద్యులది. రోగి తనంతట తాను ఏ మందూ ఆపరాదు. నెలనెలా వచ్చే రోగిని 'ఇంకేం మందులు వాడుతున్నారు?' అని సిబ్బంది తప్పక అడగాలి. ఆ ఒక్క ప్రశ్నతో రెండు సంచుల మందులూ ఒకే వైద్యుని కంటపడతాయి.