పరీక్ష చెయ్యకుండానే ఆపరేషనా?

దగ్గినా, తుమ్మినా, నీళ్ళ బిందె ఎత్తినా మూత్రం కారిపోవడం మన సీమలో ఆడవాళ్ళు ఎవరికీ చెప్పుకోని బాధ. కాన్పులయ్యాక ఇదంతా మామూలేనని ఇంట్లో పెద్దవాళ్ళు సర్దిచెబుతారు. వాసన వస్తుందన్న భయంతో పెళ్ళికి పోరు, బస్సెక్కరు. కర్నూలు, కడప పల్లెల్లో పొదుపు సంఘాల సమావేశాల్లో ఈ మాట ఎప్పుడూ చివర్లోనే, గొంతు తగ్గించి బయటికొస్తుంది. వెంటనే మరో మాట కూడా వింటుంటాను: "డాక్టరు కాడికి పోతే గర్భసంచి తీసేయాలన్న్యాడు మేడం."

మూత్రం నిలిచేది మూత్రాశయంలో. దాన్ని ఆపేవి మూత్రనాళమూ, కటి అడుగున ఉండే కండరాలూ. వాటి సంగతి చూడకుండా గర్భసంచి ఎందుకు తీస్తారు? గర్భసంచి జారిన వాళ్ళ సంగతి వేరు. వాళ్ళక్కూడా పరీక్ష చేసి, ఎంత జారిందో చెప్పి, ఉన్న దారులన్నీ వివరించాకే నిర్ణయం జరగాలి.

మూత్రం కారడమంతా ఒకే జబ్బు కాదు. దగ్గినప్పుడు కారేది కండరాల బలహీనత వల్ల. తొందరొచ్చి, దొడ్డికి పోయేలోపే కారేది మూత్రాశయం తనంతట తాను ముడుచుకోవడం వల్ల. చాలా ఏళ్ళుగా షుగరున్న వాళ్ళలో నరాలు దెబ్బతిని మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాక, నిండి పొర్లవచ్చు. కష్టమైన కాన్పులోనో, ఆపరేషన్‌లోనో రంధ్రం పడితే రాత్రింబగళ్ళు కారుతూనే ఉంటుంది. మొదటిదానికి ముందు కావలసింది వ్యాయామం: మూత్రం ఆపుకుంటున్నట్టు బిగించి వదలడం, రోజుకు 3 సార్లు, ప్రతిసారీ కనీసం 8 మార్లు, 3 నెలల పాటు. రెండోదానికిచ్చే మాత్రలు మూడోదానికిస్తే ఉన్న మూత్రమూ బిగుసుకుపోవచ్చు. ఏది ఏదో తేల్చకుండా చేసేది వైద్యమెలా అవుతుంది?

"ఈ పరీక్షలకు పెద్ద మిషన్లు కావాలి, పల్లెటూళ్ళలో ఎట్లా?" అంటారు. ఇది సాకు. ముందు ఓపికగా అడగాలి. ఎన్ని నీళ్ళు తాగింది, ఎన్నిసార్లు పోయింది, ఎప్పుడు కారింది అని 3 రోజులు గుర్తు పెట్టించాలి. రాయడం రాకపోతే గోడ మీద బొగ్గు గీతలు చాలు. మూత్రంలో ఇన్ఫెక్షన్, షుగర్ చూడాలి. మూత్రాశయం నిండుగా ఉన్నప్పుడు దగ్గించి చూడాలి. లోపలి పరీక్ష చేయాలి. మూత్రానికి పోయొచ్చాక లోపల ఎంత మిగిలిందో స్కానింగ్‌లో చూడాలి. ప్రధానంగా దగ్గినప్పుడు కారే 630 మంది స్త్రీలపై అమెరికాలో జరిపిన అధ్యయనం 2012లో వచ్చింది. ఆపరేషన్‌కు ముందు మామూలు పరీక్షలు మాత్రమే చేసిన వాళ్ళకూ, ఖరీదైన మిషన్ పరీక్ష కూడా చేసిన వాళ్ళకూ ఏడాది తర్వాత ఫలితంలో తేడా లేదు. మనం అడిగేది ఆ మామూలు పరీక్షలనే.

అడగాల్సిన ప్రశ్నల్లో నీళ్ళ ప్రశ్న మన సీమకు ముఖ్యం. వేరుశనగ చేలల్లో చాటు దొరకదని పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్ళు తాగని వాళ్ళెందరో. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు వలస పోయిన ఆడవాళ్ళు గుడారాల్లో ఉంటారు, మరుగుదొడ్డి ఉండదు. చిక్కబడిన మూత్రం మూత్రాశయాన్ని ఇంకా రేపుతుంది. దీనికి మందు కత్తి కాదు, నీళ్ళూ మరుగుదొడ్డీ.

కత్తి మాత్రం ముందే సిద్ధంగా ఉంటుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్న వాళ్ళు దేశంలో 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అందరూ మూత్రం కోసమే తీయించుకున్నారని నేననడం లేదు. తెల్లబట్టకూ, నడుంనొప్పికీ, మూత్రానికీ ఒకటే జవాబు చెప్పే అలవాటు గురించే అంటున్నాను. పైగా స్వీడన్‌లో జరిగి 2007లో లాన్సెట్‌లో అచ్చయిన అధ్యయనం ప్రకారం, గర్భసంచి తీసేసిన వాళ్ళకు తర్వాత మూత్రం కారడానికి ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం రెట్టింపు పైనే.

అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను 3 నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. వాటి ప్రకారం జిల్లాకో పర్యవేక్షణ కమిటీ ఉండాలి. మన జిల్లాల్లో ఆ కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది, ఏం తేల్చింది అని మనం కలెక్టర్లను అడగాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ పరీక్షలు ఉచితంగా జరగాలి, వ్యాయామం నేర్పాలి, పరీక్షల ఫలితం ఆమె చేతికి కాగితం మీద ఇవ్వాలి.

అక్కల్లారా, ఎవరైనా ఆపరేషన్ అనగానే మనం అడగాల్సిన ప్రశ్న ఒకటే: "నాకున్న జబ్బేంటి? ఏ పరీక్షలో తేలింది?" జవాబు రాకపోతే టేబులెక్కొద్దు.