పిల్లికి పెరుగన్నము

గత మాసమున ఊరగాయ జాడీలను గూర్చి మేము వ్రాసినదానికి వచ్చిన లేఖలలో ఒకటి జాడీలను విడిచి పిల్లిని పట్టుకొన్నది. పుంగనూరునుండి ఒక సోదరి యిట్లు అడిగినారు: "మా యింట మాంసము, గ్రుడ్లు వండు ఆచారము లేదు. ఒక పిల్లి వచ్చి చేరినది. పూటపూటకు పాలన్నము పెట్టుచున్నాము. చూచుటకు బాగుగనే యున్నది. ఇంకేమైన పెట్టవలెనా?"

పెట్టవలెను. ఆ పిల్లి గోడలు దూకి వీధులు తిరుగునదైనచో తొందర లేదు. ఇల్లు కదలనిదైనచో నేటినుండియే మార్పు చేయవలెను. రెండేండ్ల క్రిందట మాకు ఎవరైన ఈ మాట చెప్పియుండినచో, చెప్పినప్పుడు మేము వినియుండినచో, మా యింటి పిల్లికి కండ్లు నిలిచియుండెడివి.

చిత్తూరునుండి బెంగుళూరు పోవు రహదారి మా బంగారుపాళ్యమును ఒరసికొని పోవును. తోతాపురి కాయలు దిగు కాలమున మార్కెట్టు యార్డునకు వచ్చు బండ్ల రద్దీ చెప్పనలవి కాదు. అట్టి యొకనాడు చక్రము క్రింద కాలు నలిగిన కూన నొకదానిని మా పిల్లలు తువాలులో చుట్టి తెచ్చిరి. కాలు అతికినది గాని వంకర నిలిచినది. గోడ యెక్కలేదు, ఎలుకను తరుమలేదు. దానికి మల్లి యని పేరు పెట్టి ఇంటనే యుంచుకొంటిమి. ఉదయము పాలన్నము, మధ్యాహ్నము పెరుగన్నము, పండుగనాడు నేయి. మల్లి బొద్దుగా పెరిగినది, వెండ్రుకలు మెరిసినవి. మా యింటి పిల్లి సాత్త్వికాహారి యని వచ్చినవారికెల్ల చెప్పుకొని మురిసితిమి. మావైపు బడిపంతులును అయ్యవారందురు. చెరువు చేపలమ్ము అవ్వ యొకతె మా వాకిట తట్ట దించి, "ఏమ్మా, అయ్యవారింట్లో పెరిగితే పిల్లి గూడా అయ్యవారైపోతుందా? దానికి యాడన్నా ఒక చేప ముక్క పడేయ్" అన్నది. మేము నవ్వి ఊరకుంటిమి.

ఏడాదిన్నర గడచిన తరువాత మల్లి నీళ్ల బిందెకు తగులుకొనుట చూచితిమి. బిందె కొత్తచోట పెట్టితిమి కాబోలు ననుకొంటిమి. పిమ్మట అరుగుమీదికి ఎగిరి అంచు తప్పి క్రిందపడినది. నట్టనడి పగటి యెండలోను దాని కనుపాపలు విప్పారియే యుండెడివి. నాలుగడుగులు నడిచిన రొప్పెడిది. పశువైద్యునికి చూపగా ఆయన కన్నులలో దీపము వేసి చూచి, గుండె విని, మొదట అడిగిన ప్రశ్న మందును గూర్చినది కాదు. "ఏమి పెట్టుచున్నారు?" అని అడిగిరి. మేము కొంత గర్వముతోనే చెప్పితిమి. ఆయన కొంతసేపు మాటాడలేదు.

ఆయన చెప్పినదియు, తరువాత మేము చదివి తెలిసికొన్నదియు ఇది. టారిన్ అను పదార్థ మొకటి కలదు. 1827లో ఎద్దు పిత్తమునుండి దీనిని వేరుచేసినందున వృషభవాచకమైన పేరు దీనికి వచ్చినది. మాంసమునందు, చేపలయందు ఇది యుండును. ధాన్యములలో, పప్పులలో, కూరలలో ఉండదనియే చెప్పవచ్చును. పాలలో నున్నది మిక్కిలి స్వల్పము. మనుష్యుని శరీరము, సామాన్యముగా కుక్క శరీరము, దీనిని తామే తయారుచేసికొనును. పిల్లి శరీరమునకు ఆ నేర్పు చాలదు. పైగా పిత్తరసము తయారగుటకు అది టారిన్‌నే వ్యయపరచును, వేరొక వస్తువుతో సరిపెట్టుకొనజాలదు. ఆదాయము లేక వ్యయము సాగుచుండిన నిల్వ ఎన్నినాళ్లుండును? టారిన్ కొరతవలన పిల్లుల కంటి లోపలి పొర నశించునని 1975లోను, గుండె కండరము సడలి ఉబ్బునని 1987లోను అమెరికా పండితులు కనుగొనిరి. రెండవ సంగతి బయటపడినప్పుడు ఆ దేశపు పిల్లులు తినుచుండినది పెరుగన్నము కాదు, అంగడిలో కొన్న ఆహారమే. అందులోనే టారిన్ చాలకపోయినది. అటుపిమ్మట తయారుచేయువారు దానిని అధికముగా కలుపసాగిరి. గుండె జబ్బు పట్టిన పిల్లులు టారిన్ ఇచ్చిన కొన్ని నెలలలో తేరుకొనును. నశించిన కంటిపొర మాత్రము మరల రాదు.

మల్లి విషయమునను అట్లే జరిగినది. రొప్పు తగ్గినది, చూపు రాలేదు.

"ఊరిలోని పిల్లులన్నియు పాలన్నమే తినుచున్నవి కదా, వాటి కండ్లేల పోలేదు?" అని చదువరులు అడుగుదురు. మేమును వైద్యుని అదే అడిగితిమి. అవి మనము చూడగా పాలన్నము తినును; మనము చూడనప్పుడు ఎలుకను, బల్లిని, పిచ్చుకను తినును. హితోపదేశములోని దీర్ఘకర్ణుడను మార్జాలము తాను చాంద్రాయణవ్రతము పట్టితినని ముసలి గ్రద్దను నమ్మించి, చెట్టు తొఱ్ఱలోని పక్షికూనలను భక్షించిన కథ మన పిల్లలు కూడ ఎరుగుదురు. ఆ కథలో మోసము పిల్లిది. మా యింట పిల్లి యే వ్రతమును పట్టలేదు, మేమే పట్టించితిమి.

మఱియొక సంగతి. క్యారెట్టు, గుమ్మడి, మామిడిపండు వంటి పసుపు వన్నె వస్తువులనుండి మన శరీరము ఎ విటమినును చేసికొనును. కుక్కయు చేసికొనును. పిల్లి చేసికొనలేదు, కాలేయము, గ్రుడ్డు సొన, చేప వంటివానిలో సిద్ధముగా నున్నదే దానికి కావలెను. తీపి రుచి తెలియజేయు జన్యువు పిల్లిజాతిలో చెడిపోయినదని 2005లో కనుగొనిరి. కావున మామిడిపండ్ల యూరిలో పుట్టియు మల్లికి మామిడి తీపి యననేమో తెలియదు. పాలకొరకు అది మన కాళ్లు చుట్టుకొనుట వెన్న వాసనచేతనే గాని తీపిచేత కాదు. పెరిగిన పిల్లులలో పెక్కింటికి పాలు అరుగవు, విరేచనములగును. పెరుగు కొంత మేలు. రెండును ఆహారమని కాక రుచికి మాత్రము పెట్టవచ్చును.

మరి మాంసము వండని యింట ఏమి చేయవలెను? మేము చేసినది చెప్పుదుము. చిత్తూరునుండి పిల్లుల పొడి ఆహారము సంచి తెప్పించితిమి. అందు చేప యుండును. మా అత్తగారు ఏమందురో యని రెండు దినములు ఆ సంచిని విప్పనే లేదు. ఆమె దానిని తామే చూచి, "ఇదేమి?" యని అడిగి, సంగతియంత విని, "అది మన మడి చూచి పుట్టినదా? పెరటి వసారాలో పెట్టుకో. వంటింటి గడప మాత్రము దాటనీయకు" అనిరి. అట్లే జరుగుచున్నది. స్నానమునకు ముందు మేము పెట్టుదుము; పళ్లెము, చెంబు వేరు. ఇందులో మేము ఊహించుకొన్న కష్టములో పదవవంతు కూడ కనబడలేదు.

సంచి కొనునప్పుడు బొమ్మను చూడక అక్షరములను చూడవలెను. "కంప్లీట్" అను మాట యుండినచో అది పూర్ణాహారము, లేనిచో చిరుతిండి. కూనకా, పెద్దదానికా యని వ్రాసియుండును. అమెరికాలోని మేతల నియంత్రణాధికారుల సంఘమువారి లెక్కను, తేమ తీసివేయగా మిగిలినదానిలో, పెరిగిన పిల్లికి నూటికి 26 వంతులు, కూనకు 30 వంతులు మాంసకృత్తు లుండవలెను. టారిన్ పొడి ఆహారములో నూటికి 0.1 వంతు, డబ్బా ఆహారములో 0.2 వంతు ఉండవలెను. కుక్కల సంచిని పిల్లికి పెట్టరాదు, అది ఎంత చౌకయైనను. ఆహారములో కలుపు టారిన్‌ను కర్మాగారములలో రసాయనవిధానమున చేయుదురు గాన దానికై ప్రాణిని చంపనక్కరలేదు. ఆ పొడిని తెచ్చి పెరుగన్నములో కలిపిన చాలదా యని మేమును ఆశపడితిమి. చాలదు. ఎ విటమిను మొదలైన తక్కిన కొరతలు అట్లే నిలుచును.

మాంసము వండు ఇండ్లవారికి ఖర్చు తక్కువ. కోడి గుండెకాయ, తొడకండ, చిన్న చేపలు ఉప్పు కారము తగులకముందే వేరుగా ఉడికించి తీసి, ఉడికిన నీటితో సహా పెట్టవలెను. టారిన్ నీటిలోనికి దిగును గాన ఆ నీటిని పారబోసినచో సగము శ్రమ వ్యర్థము. వట్టి కండ మాత్రమే పెట్టిన కూనలకు సున్నము చాలక ఎముకలు విరుగును. కాలేయము వారమునకు ఒకటి రెండు ముక్కలు చాలును. ప్రతిదినము పెట్టిన ఎ విటమిను మితిమీరి మెడ యెముకలు అతుకుకొనిపోవును.

ఇక కుక్క. దీని విషయమున మన పెద్దలు అంత తప్పు చేయలేదు. తోడేలునకు లేని శక్తి కుక్కకు కలదు. పిండిపదార్థమును జీర్ణము చేయు జన్యువు తోడేలునకు రెండు ప్రతులే యుండగా, కుక్కలలో పెక్కింటికి అంతకు ఎన్నియో రెట్లుండునని 2013లో స్వీడను దేశపు పరిశోధకులు ప్రకటించిరి. మన యెంగిలి తిని మన వాకిట పండుకొనుటచేత ఆ జాతి శరీరమే మారినది. కావున రాగిసంగటి తిను మా సీమ కుక్కను చూచి జాలిపడ నక్కరలేదు. కాని సంగటి యొక్కటే చాలునా? లెక్క వేసి చూతము. పది కిలోల కుక్కకు దినమునకు రమారమి 600 కిలోకేలరీలు కావలెను. అందుకు తగిన మాంసకృత్తులు 27 గ్రాములు. అన్ని కేలరీలకు 185 గ్రాముల రాగిపిండి పట్టును, దానినుండి వచ్చు మాంసకృత్తులు 13 గ్రాములే. అనగా కడుపు నిండినను సగము కొరత. పిండిని 140 గ్రాములకు తగ్గించి, రెండు ఉడికిన గ్రుడ్లు, ఒక గరిటెడు పెరుగు చేర్చిన ఆ లోటు దాదాపు తీరును. నూరు గ్రాముల రాగులలో సున్నము రమారమి 350 మిల్లీగ్రాములుండును. బియ్యములో అది నామమాత్రము. మిగిలిన వరియన్నముకంటె సంగటి మేలనుట అందుకే. ఇంగ్లండులో మెల్లన్‌బీ యను వైద్యుడు కుక్కపిల్లలకు ఓట్ల జావవంటి మేతయే పెట్టి, వాటి యెముకలు వంకరపోవుటను, కాడ్ చేపనూనెతో అవి చక్కబడుటను 1919లో ప్రకటించెను. కుక్క ఎంత యెండలో పండుకొన్నను దాని చర్మము డి విటమినును తగినంత చేసికొనలేదు. గ్రుడ్డు సొన ఇందుకును పనికివచ్చును. గ్రుడ్డును ముట్టని యింటివారు కుక్కకు శాకాహారపు పూర్ణాహారమును కొనవచ్చును. అది కుక్కకు సాధ్యము.

మా వీధులలో సంగటిని ఒట్టిగా ఎవరు పెట్టుదురు? పులుసు పోసి పెట్టుదురు. అక్కడనే చిక్కు. ఉల్లి, వెల్లుల్లి కుక్కకు పిల్లికి రక్తకణములను పగులగొట్టును. పిల్లికి మఱింత స్వల్పముతోనే. ద్రాక్షపండ్లు, పాయసములోని ఎండుద్రాక్షలు కుక్కల మూత్రపిండములను చెడగొట్టునని చాలకాలముగా తెలిసినదే. దానికి కారణము టార్టారిక్ ఆమ్లమని ఇటీవల అనుమానించి, చింతపండు తిన్న కుక్కలకును మూత్రపిండములు చెడిన సంగతిని 2022లో ప్రకటించిరి. చింతచెట్టు లేని పల్లె మన జిల్లాలో అరుదు, పులుసు లేని పూట అంతకంటె అరుదు. చుక్క పులుసు తగిలిన ప్రతి కుక్కయు చచ్చునని మేమనుట లేదు. పులుసు పోయకముందు సంగటి ముద్దను వేరుగా తీసి పెట్టుట యెంత పని? చాక్లెట్టు, చక్కెర లేదని వ్రాసిన జైలిటాల్ కలిపిన మిఠాయిలు కుక్కకు విషములు. ఆహారము కాకున్నను చెప్పవలసినది, జ్వరమునకు మనము వేసికొను పారాసిటమాల్ మాత్ర ఒక్కటి పిల్లిని చంపగలదు.

వేసవి సోదరీమణులకు వేరొక మాట. మామిడి టెంకను కుక్క చీకుచు చీకుచు మ్రింగును. అది ప్రేగులో అడ్డుపడిన కోసి తీయవలసినదే. తిన్న టెంకలను పెంటపై విసరక మూత యున్న బుట్టలో వేయుడు. ఉడికిన కోడి యెముకలు చీలి గుచ్చుకొనును. అన్నింటికంటె భయంకరమైనది, గొఱ్ఱె కోసినచోట పారవేసిన పచ్చి ఊపిరితిత్తులు, కాలేయము కుక్కకు పెట్టుట. అందలి తిత్తులు కుక్క కడుపులో బద్దెపురుగులగును. వాటి గ్రుడ్లు కుక్క బొచ్చునుండి, మట్టినుండి మన పిల్లల నోటికి చేరి, వారి కాలేయములో నిమ్మకాయంత, కొబ్బరికాయంత తిత్తులుగా ఏండ్ల తరబడి పెరుగును. ఉడికించి పెట్టిన ఆ భయము తీరును. పురుగుల మందు వైద్యుడు చెప్పిన గడువున వేయింపవలెను.

వానకాలమున సంచి మూతి బిగించి డబ్బాలో పెట్టుడు. బూజు వాసన తగిలినచో, ధర చూడక పారవేయుడు. బూజుపట్టిన చెనక్కాయలు, అనగా వేరుసెనగలు, కుక్కకు పెట్టుట ఈ ప్రాంతమున మేము చూచియున్నాము; ఆ బూజు కాలేయమును తినివేయును.

పుంగనూరు సోదరి తమ పిల్లి వీధి తిరుగునదో కాదో వ్రాయలేదు. పగటి వెలుతురులో దాని కనుపాపలు సన్నని గీతవలె ముడుచుకొనుచున్నవో లేదో నేడే చూడవలెను. ముడుచుకొనకున్నచో మా జవాబుకొరకు వేచియుండక వైద్యునికి చూపవలెను. కష్టమైన రోగములకు తిరుపతిలో 1955నుండి పశువైద్య కళాశాల యున్నది.

మల్లి యిప్పుడు పెరటి వసారాలోనే పండుకొనును. మేము బిందెను, పీటను చోటు మార్చము. పిల్లలకును అదే కట్టడి. తెల్లవారి డబ్బా మూత చప్పుడైనచో వంకర కాలితో మూడు గడపలు తప్పక దాటి వచ్చి, వంటింటి గడప దగ్గర మాత్రము ఆగును. అత్తగారు దానికి అది నేర్పినారు.