విద్యార్థి మహాసభలు

విద్యార్థులు మహాసభలు చేసి అంతర్జాతీయ వ్యవహారములు చర్చించినంతమాత్రమున లోకమునకు ఒరుగునదేమి యని పలువురు ప్రశ్నించుచుందురు. జపాను-అమెరికా విద్యార్థి మహాసభ చరిత్రము ఈ ప్రశ్నకు తగిన సమాధాన మొసగుచున్నది.

1931లో జపాను సేనలు మంచూరియాను ఆక్రమించినది మొదలు ఆ రెండు దేశముల నడుమ వైమనస్యము ప్రబలెను. దానిని తగ్గింప నెంచి జపాను విద్యార్థులే పూనుకొని, 1934లో టోకియో నగరమున అమెరికను విద్యార్థులతో తొలి సభ జరిపిరి. పిమ్మట పలుమారులు సభలు జరిగెను గాని యుద్ధము తప్పలేదు. 1941 డిసెంబరులో పెరల్ హార్బరుపై జపాను విమానములు బాంబులు కురిపించెను.

అంతమాత్రమున ఆ శ్రమ వ్యర్థమనుట తొందరపాటు. 1939లో ఆ సభలో పాల్గొనిన కీయిచి మియజావా, 1951లో సాన్ ఫ్రాన్సిస్కో సంధిసభకు జపాను ప్రతినిధివర్గముతో నేగెను. 1991లో ప్రధానమంత్రి యయ్యెను. యుద్ధకాలమున నిలిచిపోయిన మహాసభయు 1947లో పునరుద్ధరింపబడెను.

విద్యార్థుల తీర్మానములకు సేనల నాపు శక్తి లేదు. కాని ఎదిరిపక్షపు వాదమును వారి నోటనే వినివచ్చిన యువకునకు, అధికారము చేజిక్కిననాడు, ఆ యెఱుక అక్కఱకు వచ్చును.

నేడు హైదరాబాదు మొదలగు మన నగరములలోను నమూనా ఐక్యరాజ్యసమితి సభలు జరుగుచున్నవి. బిడ్డ తెచ్చిన ప్రశంసాపత్రమును చూచి మురియుటకంటె, తాను పక్షము వహించిన దేశపు చరిత్రమును, అది చేసికొనిన సంధులను చదివెనా యని తల్లిదండ్రులు విచారించుట మేలు. ప్రవేశరుసుము చెల్లింపగలవారికే ఈ సభలు పరిమితమైనచో రేపటి రాజ్యతంత్రమును వారి సొత్తే యగును. ప్రజ్ఞగల పేద విద్యార్థుల వ్యయమును కళాశాలలే భరింపవలెను.