మూడు సబ్జెక్టులు, ఆరు వారాలు

ఇంగ్లండ్‌లో పదహారేళ్ల పిల్లలు మే, జూన్ నెలల్లో జీసీఎస్ఈ పరీక్షలు రాసేనాటికి తొమ్మిదో పదో సబ్జెక్టులు చదువుతుంటారు. సెప్టెంబరులో సిక్స్త్ ఫామ్ తరగతిలో కూర్చునేసరికి వాటిలో మూడు మిగులుతాయి. మధ్యలో ఉన్నది ఒక్క వేసవి. చరిత్ర కావచ్చు, ఫ్రెంచి కావచ్చు, జీవశాస్త్రం కావచ్చు, ఆ మూడింటిలో చోటు దొరకని చదువు చాలామందికి అక్కడితో సరి. సరిహద్దుకు అవతల స్కాట్లాండ్‌లో అదే వయసు పిల్లలు సాధారణంగా హయ్యర్స్ అనే స్థాయిలో ఐదు సబ్జెక్టులు చదువుతారు. ఇంత లేత వయసులో చదువును ఇంత ఇరుకు చేసే పద్ధతి సంపన్న దేశాల్లో అరుదు.

ఇది మంచిదా చెడ్డదా అన్న వాదన అక్కడ పాతదే. 1959లో రచయిత సీపీ స్నో కేంబ్రిడ్జిలో రెండు సంస్కృతుల మీద ప్రసంగిస్తూ, సాహిత్యం చదివినవారికీ సైన్సు చదివినవారికీ మధ్య మాటలు కరువు కావడానికి బడిలోనే మొదలయ్యే ఈ విభజననూ తప్పుపట్టారు. 1988లో హిగిన్‌సన్ కమిటీ ఐదు సబ్జెక్టులు పెట్టమంది, థాచర్ ప్రభుత్వం వద్దంది. 2004లో టామ్లిన్‌సన్ నివేదిక పరీక్షలన్నిటినీ ఒక డిప్లొమా కిందికి తెమ్మంది, మరుసటి ఏడాదే బ్లెయిర్ ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టింది. 2023 అక్టోబరులో అప్పటి ప్రధాని రిషి సునాక్ ఐదు సబ్జెక్టుల అడ్వాన్స్‌డ్ బ్రిటిష్ స్టాండర్డ్‌ను ప్రకటించారు, 2024లో వచ్చిన లేబర్ ప్రభుత్వం రద్దు చేసింది. 1951లో మొదలైన ఏ లెవెల్, అంటే ఈ మూడు సబ్జెక్టుల రెండేళ్ల చదువు, ఇవన్నీ దాటుకుని నిలిచింది. మూడు సబ్జెక్టుల పద్ధతి రేపో మాపో పోతుందని ఎదురుచూడడం వల్ల ఇవాళ్టి పిల్లలకు ఒరిగేదేమీ లేదు. వాళ్లు ఆ మూడింటినీ ఏ ఆధారంతో ఎంచుకుంటున్నారు, ఎంపిక కుదరనప్పుడు ఏమవుతోంది అన్నది చూడాలి. పదహారేళ్లకే ఎంచుకోమనడం కంటే, ఎంచుకున్నాక దిద్దుకునే వీలు తీసేయడమే ఈ వ్యవస్థ చేసిన పెద్ద తప్పని నా అభిప్రాయం.

ముందు ఎంపిక సంగతి. పిల్లలకు తెలిసింది జీసీఎస్ఈ కెమిస్ట్రీ, ఎంచుకునేది ఏ లెవెల్ కెమిస్ట్రీ. జీసీఎస్ఈలో ఎలక్ట్రాన్లు 2, 8, 8 చొప్పున వలయాల్లో అమరుతాయని నేర్పుతారు. ఏ లెవెల్‌లో అడుగుపెట్టగానే ఎస్, పీ, డీ ఆర్బిటాళ్లు వస్తాయి. నిరుడు పూర్తి మార్కులు తెచ్చిపెట్టిన జవాబు అసలు విషయానికి సులువైన నమూనా మాత్రమేనని తెలుస్తుంది. కొందరికి అది ఉత్సాహం, కొందరికి కాళ్ల కింద నేల కదిలినట్టు. గణితం మరో రకం. జీసీఎస్ఈలో గ్రేడ్లు 9 నుంచి 1 దాకా ఉంటాయి. కఠినమైన ప్రశ్నలు కొన్ని వదిలేసినా 7 తెచ్చుకోవచ్చు. ఆ వదిలేసినవి ఎక్కువగా బీజగణితంలో చిక్కు లెక్కలు. ఏ లెవెల్ కాల్‌క్యులస్ అంతా నడిచేది సరిగ్గా వాటి మీదే. గ్రేడు చూసి సీటు ఇచ్చిన కాలేజీది తప్పనలేం, చేరిన పిల్లది అసలే తప్పు కాదు. ఆ అంకె ఒక ఏడాది చదువుకు కొలత, ముందున్న రెండేళ్లను అది చెప్పలేదు.

ముందెన్నడూ చదవని సబ్జెక్టుల సంగతి ఇంకా కష్టం. సైకాలజీ, సోషియాలజీ, ఎకనామిక్స్, లా చాలా బడుల్లో పదహారేళ్ల దాకా కనిపించవు. అయినా ఏ లెవెల్‌లో గణితం తర్వాత ఎక్కువమంది రాసేది సైకాలజీనే. మనుషుల మనసుల గురించి తెలుసుకుందామని చేరినవారికి పరిశోధన పద్ధతులు, గణాంక పరీక్షలు ఎదురవుతాయి. అవి ఆ శాస్త్రానికి ప్రాణమన్నది నిజమే. కానీ ఆ సంగతి జూన్‌లో జరిగే ఒక్కరోజు పరిచయ తరగతిలో ఎవరికి బోధపడుతుంది?

పైగా ఎంపిక పూర్తిగా పిల్లల చేతిలోనూ ఉండదు. దరఖాస్తులు పరీక్షలకు ఎన్నో నెలల ముందే, మాక్ పరీక్షల మార్కులూ టీచర్ల అంచనాలూ చూసుకుని పెడతారు. కాలేజీ సబ్జెక్టులను టైంటేబుల్ గడులుగా విడగొడుతుంది. ఫిజిక్సూ ఫ్రెంచీ ఒకే గడిలో పడితే ఒకటి వదులుకోవాల్సిందే. వేలమంది చదివే సిక్స్త్ ఫామ్ కాలేజీలో ఈ ఇబ్బంది తక్కువ. చిన్న ఊరి బడిలో, గణితంలో పై మెట్టయిన ఫర్దర్ మ్యాథ్స్‌కు నలుగురు కూడా చేరకపోతే ఆ తరగతే నడవకపోవచ్చు.

ఇంట్లో విశ్వవిద్యాలయం చూసినవాళ్లు ఉన్న పిల్లలకూ లేని పిల్లలకూ తేడా తెలిసేది ఈ దశలోనే. మెడిసిన్‌కు చాలాచోట్ల కెమిస్ట్రీ కావాలి. ఇంజినీరింగ్‌కు గణితం తప్పదు, చాలాచోట్ల ఫిజిక్సు కూడా. పేరున్న చాలా విశ్వవిద్యాలయాల్లో ఎకనామిక్స్ చదవాలంటే ఏ లెవెల్ ఎకనామిక్స్ లేకపోయినా ఫర్వాలేదు గానీ గణితం లేకపోతే కుదరదు. లా డిగ్రీకి ఏ లెవెల్ లా అవసరం లేదు. ఇవి రహస్యాలు కావు. ఎవరూ చెప్పని ఇంట్లో మాత్రం రహస్యాల కిందే లెక్క. పేరున్న విశ్వవిద్యాలయాల కూటమి రస్సెల్ గ్రూప్ 2011లో 'దారులు తెరిచి ఉంచే' సబ్జెక్టుల జాబితా ప్రకటించింది. గణితం, సైన్సులు, ఇంగ్లిష్ సాహిత్యం, చరిత్ర, భూగోళం, భాషలు అందులో ఉన్నాయి. చెప్పేవారు లేని పిల్లలకు సాయపడాలన్నదే ఉద్దేశం. కానీ అందులో లేని సంగీతం, చిత్రకళ, మత అధ్యయనం తక్కువరకం చదువులన్న భావన బలపడింది. 2019లో ఆ జాబితాను ఉపసంహరించారు. జాబితా పోయినా భావన పోలేదు.

అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ జాబితాలతో పనిలేదు, మన జాబితా మనకు ముందే ఉంది. ఆస్పత్రుల్లో డాక్టర్లుగా వెళ్లినవారూ, రీడింగ్, స్లౌ, మిల్టన్ కీన్స్ వైపు ఐటీ ఉద్యోగాలకు వెళ్లినవారూ తమ పదహారేళ్ల వయసులో ఎంచుకున్నది ఎంపీసీనో బైపీసీనో. మూడు సబ్జెక్టులు అనగానే ఆ లెక్కే గుర్తుకొస్తుంది. ఏ లెవెల్‌లో కెమిస్ట్రీ, గణితం పక్కన చరిత్ర పెట్టుకోవచ్చు. అలా చదివి మెడిసిన్‌కు వెళ్లే దారి కూడా కొన్ని కాలేజీల్లో ఉంది. ఇంటర్మీడియట్ గ్రూపుల్లో పెరిగిన తల్లిదండ్రులకు అది నమ్మశక్యంగా అనిపించదు. వాళ్లను తప్పుపట్టలేను. వలస వెళ్లినవాళ్లు తమను గట్టెక్కించిన దారిని నమ్ముతారు, పిల్లలనూ దాని మీదే నడిపిస్తారు. అయితే ఆ దారి వేసిన చోటే ఇప్పుడు మార్పు మొదలైంది. 2020 జాతీయ విద్యా విధానం ఆర్ట్స్‌కూ సైన్సుకూ మధ్య గట్టి గోడలు ఉండకూడదంది. ఆంధ్రప్రదేశ్‌లో గణితమూ జీవశాస్త్రమూ కలిపి చదివే ఎంబైపీసీ వచ్చింది. ఇంగ్లండ్‌లో ఉండి, కుదిరే వీలున్న చోట, పాత గ్రూపును పిల్లల మీద రుద్దడానికి కారణం కనిపించదు.

సెప్టెంబరు వస్తుంది. సిక్స్త్ ఫామ్‌లో కుదురుకోవడం ఎంత కష్టమో బయటి నుంచి చూసేవారికి అర్థం కాదు, ఎందుకంటే పైకి అంతా తేలికైనట్టే ఉంటుంది. ఒక్కో సబ్జెక్టుకు వారానికి నాలుగైదు గంటల తరగతులు. మిగతా టైంటేబుల్ ఖాళీ. కాలేజీల్లో యూనిఫాం ఉండదు, చాలాచోట్ల టీచర్లను పేరు పెట్టి పిలుస్తారు. ఐదేళ్లపాటు గంట కొడితే లేచి, గంట కొడితే కూర్చున్న పిల్లలకు మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలు ఎవరూ అడగనివి దొరుకుతాయి. మొదటి రెండు వారాలు స్వేచ్ఛలా ఉంటుంది. తర్వాత చదవాల్సిన పేజీలు, రాయాల్సిన వ్యాసాలు ఒక్కసారిగా మీద పడతాయి. ఆ ఖాళీ అంతా చదువుకే ఇచ్చిందని అప్పుడు తెలుస్తుంది. మన కార్పొరేట్ కాలేజీలో పొద్దున ఆరింటికి మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే రోజుకు అలవాటైన తండ్రి, కూతురి టైంటేబుల్ చూసి ఈ కాలేజీలో చదువు చెప్పడం లేదనుకుంటాడు. ట్యూషన్లతో ఆ గడులన్నీ నింపేస్తాడు. తన సమయాన్ని తానే ఏలుకోవడం నేర్చుకోవాల్సిన రెండేళ్లు అలా మరొకరి చేతికి పోతాయి. విశ్వవిద్యాలయానికి వెళ్లాక ట్యూషన్ మాస్టారు వెంట రారు.

ప్రయాణ ఖర్చు కూడా మాట్లాడుకోవాల్సిన విషయమే. దూరాన ఉన్న బడికి ఉచిత రవాణా ఇవ్వాల్సిన చట్టపరమైన బాధ్యత స్థానిక ప్రభుత్వాల మీద సాధారణంగా పదహారేళ్ల దాకానే. 2015 నుంచి ఇంగ్లండ్‌లో పద్దెనిమిదేళ్ల వరకు చదువులోనో శిక్షణలోనో ఉండాల్సిందే. ఉండమన్నారు, బస్సు టికెట్టు మాత్రం మీదే అన్నారు. పేద పిల్లలకు వారానికి 30 పౌండ్ల దాకా వచ్చే భృతిని 2011లో ఎత్తేసి, దాని స్థానంలో కాలేజీలు పంచే చిన్న నిధిని పెట్టారు. లండన్‌లో ఆ వయసువారికి బస్సు ఉచితం. పల్లె ప్రాంతంలో ఇష్టమైన సబ్జెక్టు రెండు ఊళ్ల అవతల ఉంటే, దగ్గరి కాలేజీలో ఉన్నదే ఇష్టమైన సబ్జెక్టు అవుతుంది.

ఇప్పుడు అసలు విషయం. 2000లో తెచ్చిన విధానంలో పిల్లలు మొదటి ఏడాది సాధారణంగా నాలుగు సబ్జెక్టులు చదివేవారు. ఏడాది చివర ఏఎస్ పరీక్ష రాసేవారు. ఒకటి వదిలి మూడింటితో ముందుకు వెళ్లేవారు. వదిలిన దానికీ ఒక సర్టిఫికెట్ ఉండేది, కాబట్టి ఆ ఏడాది వృథా అనిపించేది కాదు. ఎంపిక ఆగస్టులో ఫలితాలొచ్చే ఒక్క రోజున జరిగిపోకుండా, చదువుతూ పన్నెండు నెలల పాటు సాగేది. మైకేల్ గోవ్ విద్యామంత్రిగా ఉండగా దీన్ని మార్చాలని నిర్ణయించారు. 2015 నుంచి ఒక్కో సబ్జెక్టులో ఏఎస్ మార్కులు ఏ లెవెల్‌లో కలవడం మానేశాయి. పరీక్షలన్నీ రెండేళ్ల చివరకు చేరాయి.

ఆ మార్పుకు కారణాలు లేకపోలేదు. ఎప్పుడు చూసినా పరీక్షే, మళ్లీ మళ్లీ రాసి మార్కులు పెంచుకోవడమే అన్న విమర్శలో నిజముంది. తరగతి గదిలో పాఠానికి సమయం చాలక టీచర్లు విసిగిపోయిన మాటా నిజమే. కానీ పరీక్షల మోత తగ్గించడానికి నాలుగో సబ్జెక్టును కూడా తీసేయనక్కర్లేదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమే ఆ నిర్ణయాన్ని బహిరంగంగా వ్యతిరేకించింది, విద్యార్థి సత్తాను అంచనా వేయడానికి ఏఎస్ మంచి ఆధారమని వాదించింది. ఇప్పటికీ వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో ఏఎస్ ఏ లెవెల్‌లో 40 శాతంగా కొనసాగుతోంది, అక్కడ చదువేమీ చెడిపోలేదు. ఇంగ్లండ్‌లో మాత్రం ఏఎస్‌కు విలువ పోయాక కాలేజీలు దాన్ని నడపడం మానేశాయి, ఎక్కువమంది మూడింటితోనే మొదలుపెడుతున్నారు. మూడుతో మొదలుపెట్టినవారికి వదులుకోవడానికి ఏమీ మిగలదు. మార్చుకోవడం ఒక్కటే దారి, దానికీ గడువు ఉంది.

ఆ గడువు కాలేజీని బట్టి సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు సెలవుల లోపు ముగుస్తుంది. పాఠాలు ముందుకు పోయాక కొత్త తరగతిలో చేరడం కష్టమన్నది ఒక కారణం. నిధుల లెక్క రెండోది. ఏడాది కోర్సులో తొలి ఆరు వారాలు నిలిచినవారినే విద్యార్థులుగా లెక్కగడతారు. అందుకే సెప్టెంబరంతా టీచర్లు హాజరు చూస్తుంటారు. అదే సమయాన్ని పిల్లలతో మాట్లాడడానికి వాడితే బాగుంటుంది. మార్చుకునే గడువు ముగియడానికి వారం ముందు ప్రతి విద్యార్థితోనూ, తల్లిదండ్రులతోనూ ఒక సమావేశం తప్పనిసరి చేయాలి. ఆ పూట మార్కుల గురించి అడగవద్దు. ఏ పుస్తకం తెరవడానికి చేయి వెళ్తోంది, ఏది రోజూ చివరికి నెట్టేస్తున్నావు అని అడగండి. చాలామంది పిల్లలకు మూడో వారానికల్లా జవాబు తెలిసే ఉంటుంది. చెబితే ఓడిపోయినట్టు అనుకుంటారేమోనని దాచుకుంటారు. తెలుగు ఇళ్లలో ఈ భయం ఇంకో రెట్టు ఎక్కువ, ఫిజిక్స్ మానేశానన్న వార్త గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న తాతయ్య దాకా వెళ్తుంది కదా.

ఆరు వారాల్లో తేలని పిల్లలు కొందరు ఉంటారు. ఏడాదంతా తంటాలుపడి జూన్‌లో తెలుసుకుంటారు. వాళ్లకు మిగిలింది మళ్లీ మొదటి ఏడాది నుంచి, వేరే సబ్జెక్టులతో మొదలుపెట్టడం. అంటే మూడేళ్లు. 2014లో ప్రభుత్వం, విద్యా సంవత్సరం మొదలయ్యేనాటికి పద్దెనిమిదేళ్లు నిండిన విద్యార్థికి కాలేజీకి ఇచ్చే మొత్తాన్ని 17.5 శాతం కోసేసింది. మూడో ఏడాది చదివే పిల్ల సరిగ్గా ఆ కోతలోకి వస్తుంది. సబ్జెక్టు మార్చుకుని వచ్చిన పిల్లను చేర్చుకుంటే కాలేజీకి నష్టం అన్నమాట. ఒక్కరోజు పరిచయ తరగతి చూపించి రెండేళ్ల చదువు ఎంచుకోమన్న ప్రభుత్వం, ఆ ఎంపిక కుదరని పిల్ల కోసం ఆ 17.5 శాతాన్ని తిరిగి ఇవ్వాలి.