మేం నమ్మేది, మేం ఒప్పుకోనిది

కృష్ణా డెల్టాలోని ఒక పెంతెకొస్తు సంఘంలో పెద్దలు, స్త్రీల సమాజం, యౌవనస్థులు కలిసి కూర్చుని ఒప్పుకున్న మాటలివి. పరిశుద్ధాత్మ వరాలు అపొస్తలుల కాలంతో ఆగిపోలేదని మేం నమ్ముతాం. అలా నమ్మేవాళ్ళ మీదే వాటిని పరీక్షించే బాధ్యత ఎక్కువగా ఉంటుందనీ నమ్ముతాం. మొదటి మాట మా మందిరాల్లో రోజూ వినబడుతుంది. రెండోది వినబడ్డం తగ్గింది. అందుకే రాసిపెట్టుకుంటున్నాం.

మూల విశ్వాసంలో మాకు కొత్తదనం ఏమీ లేదు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్క దేవుడే. యేసుక్రీస్తు కన్య మరియకు పుట్టి, మన పాపాల కోసం సిలువ మీద చనిపోయి, మూడో రోజున శరీరంతో లేచాడు. రక్షణ కృపవల్ల, విశ్వాసం ద్వారా. దేవుని గురించి, క్రీస్తు గురించి 325లో నీకయలో, 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో సంఘ పెద్దలు ఒప్పుకున్న ఈ విశ్వాసాన్నే సీఎస్ఐ, లూథరన్, కతోలిక సోదరులతోపాటు మేమూ ఒప్పుకుంటాం. బాప్తిస్మం ఒక్క యేసు నామంలోనే ఇవ్వాలన్న వాదం పెంతెకొస్తువాళ్ళలో పాతదే. 1914లో ఏర్పడిన అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ ఆ తగాదా మధ్యనే 1916లో తన విశ్వాస ప్రమాణం రాసుకుంది. మేం మత్తయి 28వ అధ్యాయం ప్రకారం త్రియేక నామంలోనే ముంచుతాం. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వం, ప్రతిష్ఠ ప్రార్థన చేస్తాం. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మందిరం వెనక తొట్టిలోనే బాప్తిస్మం ఇస్తాం. పారే నీళ్ళయితేనే చెల్లుతుందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకుంటాం.

ఆత్మ బాప్తిస్మం దగ్గర కాస్త ఆగాలి. అన్యభాషలే దానికి గుర్తు అన్న బోధ 1901లో కాన్సాస్ రాష్ట్రం టొపీకాలో చార్లెస్ పార్హమ్ నడిపిన బైబిలు పాఠశాల నుంచి వచ్చింది. 1906లో లాస్ ఏంజెలెస్‌లోని అజూసా వీధిలో విలియం సీమూర్ దగ్గర ఉజ్జీవం రగిలింది. ఆయన బానిసత్వం నుంచి బయటపడ్డ తల్లిదండ్రుల కొడుకు. అయితే అంతకు ముందే, 1905లో, పూనా దగ్గర కేడ్‌గావ్‌లో పండిత రమాబాయి ముక్తి మిషన్‌లో ఆత్మ కుమ్మరింపు మొదలైంది. పెంతెకొస్తు అంటే అమెరికా సరుకు అనేవాళ్ళకు మా జవాబు అదే. అన్యభాషలు ఉంటేనే ఆత్మ ఉన్నట్టని రమాబాయి పట్టుబట్టలేదు, మేమూ పట్టుబట్టం. భాషలు దేవుని వరం, ఆశతో అడగాలి. రాలేదని ఎవరినీ తక్కువ విశ్వాసిగా చూడం. పదిహేనేళ్ళ పిల్లను మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, ‘హల్లెలూయ’ను గబగబా అనిపించి, నాలుక తడబడగానే ‘వచ్చేసింది, స్తోత్రం’ అని కేకలు వేయడం మా మందిరంలో ఉండదు. ఆరాధనలో భాషల్లో మాట్లాడేది ఇద్దరు, మహా అయితే ముగ్గురు. అర్థం చెప్పేవాళ్ళు లేకపోతే మౌనంగా దేవునితోనే మాట్లాడుకోవాలి. కొరింథీయులకు పౌలు పెట్టిన కట్టడి ఇది.

అజూసాలో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకే నేల మీద మోకరించారు. కొన్నేళ్ళకే రంగును బట్టి సంఘాలు విడిపోయాయి. ఇది వాళ్ళ కథేలే అనుకోవడానికి మాకు నోరు రాదు. ఒకే ఊళ్ళో మాలపల్లెకు ఒక మందిరం, మాదిగపల్లెకు ఒక మందిరం ఉన్న సంగతి మనకు తెలియంది కాదు. ప్రభువు బల్ల దగ్గర మా సంఘంలో కులం వరస ఉండదు. రెండు కులాల విశ్వాసులు పెళ్ళి చేసుకుంటామంటే, ఇద్దరూ మేజర్లయితే, పాస్టరుగారు పెళ్ళి చేసి తీరాలి. పెద్దల్లో ఎవరైనా అడ్డుపడితే ఆ పెద్దరికం అంతటితో ఆగుతుంది.

ప్రవచనం ఉందని నమ్ముతాం. కరువు వస్తుందని అగబు అనే ప్రవక్త చెబితే అంతియొకయ శిష్యులు చందా పోగుచేసి యూదయకు పంపారు. యెరూషలేములో సంకెళ్ళు పడతాయని అదే అగబు చెప్పినా పౌలు వెళ్ళాడు. ప్రవచనం ముందున్నది చూపిస్తుందిగానీ మన నిర్ణయాన్ని లాక్కోదు. ‘ఈ సంబంధం ప్రభువు నాకు చూపించాడమ్మా’ అని ఏ సేవకుడూ ఒక ఆడపిల్లకు విడిగా చెప్పకూడదు. పెళ్ళి, పొలం, ఆపరేషను గురించిన ప్రవచనం ఏదైనా ముందు ఇద్దరు పెద్దల ఎదుట చెప్పాలి. వాళ్ళు వాక్యంతో పోల్చి చూస్తారు. నెరవేరకపోతే, ఏ మైకులో చెప్పారో అదే మైకులో తప్పని ఒప్పుకోవాలి. ఫిలిప్పు కుమార్తెలు నలుగురూ ప్రవచించినవాళ్ళే కాబట్టి మా పుల్పిట్ స్త్రీలకూ తెరిచే ఉంటుంది. పాస్టరమ్మగారికి మాత్రమే కాదు.

రోగుల మీద చేతులుంచుతాం, యాకోబు పత్రిక చెప్పినట్టు నూనె రాసి ప్రార్థిస్తాం. ఆ నూనె మామూలు కొబ్బరినూనే. దాన్ని సీసాల్లో పోసి అమ్మితే అది వ్యాపారం. బాగుపడినవాళ్ళను కళ్ళారా చూసినవాళ్ళం, ఆ సాక్ష్యాన్ని ఎవరికోసమూ దాచుకోం. పౌలు కూడా తన సహచరుడు త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో వదిలి వెళ్ళాడని మరిచిపోం. టీబీ కోర్సు మధ్యలో మానేయమనడం, షుగరు బిళ్ళలు పారేయించడం మా దృష్టిలో పాపం. స్వస్థత రానివాళ్ళతో ‘నీకు విశ్వాసం చాలలేదు’ అనడం అంతకంటే పెద్ద పాపం. వాళ్ళు అప్పటికే సగం రాత్రి ఏడ్చి వచ్చి ఉంటారు. దురాత్మలున్నాయని నమ్ముతాం. కానీ మూర్ఛ వచ్చినా, మనసు చెదిరినా ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. దయ్యం పేరుతో జుట్టు పట్టి లాగడం, కొట్టడం, అన్నం పెట్టకపోవడం మా ఆవరణలో జరిగితే పోలీసు స్టేషనుకు వెళ్ళేది మేమే.

వరాన్ని డబ్బిచ్చి కొనాలని చూసిన సీమోనును పేతురు గద్దించాడు. ఇప్పుడు సీమోను వేదిక కింద లేడు, పైనే ఉన్నాడని మా అనుమానం. దశమభాగం మనసుతో ఇచ్చేది, లెక్క అడిగి వసూలు చేసేది కాదు. ‘విత్తనం వెయ్యి, నూరంతలు కోస్తావు’ అని అప్పుల్లో ఉన్నవాళ్ళ దగ్గర తీసుకోం. కానుకల లెక్క ప్రతి నెలా మొదటి ఆదివారం మందిరం గోడకు అంటిస్తాం. ఉజ్జీవ సభల ఫ్లెక్సీ మీద సేవకుల ఫొటోలు వేయం. దీనికి మా పాస్టరుగారే ముందు నొచ్చుకుని, తర్వాత ఒప్పుకున్నారు.

ప్రభువు మళ్ళీ వస్తాడు. తారీఖు కుమారునికి కూడా తెలియదని మత్తయి 24లో ఉండగా, మేం లెక్కలు వేయం, వేసినవాళ్ళను సభలకు పిలవం. డిసెంబర్ 31 రాత్రి వాక్యం రాసిన వాగ్దాన కార్డులు తీసుకోవడం మాత్రం మానడం లేదు. దాని మీద రెండు కూడికల పాటు వాదన నడిచి, జాతకంలా చూడకూడదన్న షరతుతో ఉంచాం.

బాప్తిస్మం కోరేవాళ్ళకు ఈ పత్రం ముందుగా చదివి వినిపిస్తాం. ఇందులో ఏదైనా ఒప్పుకోలేనివాళ్ళు సంతకం పెట్టకుండానే ఆరాధనకు రావచ్చు. వాళ్ళ అభ్యంతరాన్ని పెద్దలు పుస్తకంలో రాసుకుని, ఏటా జనవరి కూడికలో పైకి చదవాలి.