సంపాదకుని మాట: గుట్టల దారిలో రైలు

కొండల్లో రైలును ఫొటో తీయాలంటే అరకే పోవాలా? ముందు మన బెల్లంపల్లి దిక్కు చూడండి. 1929లో పూర్తయిన కాజీపేట–బల్లార్షా లైనుతోనే ఢిల్లీకీ మద్రాసుకూ నేరుగా దారి పడింది. రామగుండం దాటగానే గోదావరి వంతెన, మంచిర్యాల తర్వాత బొగ్గు గనులు, ఆసిఫాబాద్ రోడ్ దాటాక అడవి, దూరంగా గుట్టలు. ఇంత అందమైన దారిని నిద్రలో దాటేస్తున్నామే అన్నదే మా బాధ.

వానలు వెనుకబట్టిన కార్తీకంలో పోండి, అడవి ఇంకా పచ్చగానే ఉంటుంది. లైను ఉత్తరానికి సాగుతుంది కనుక పొద్దున తూర్పు పక్కన, సాయంత్రం పడమటి పక్కన నిలబడితే బండి మీద వెలుగు పడుతుంది. బొగ్గు గూడ్సులు చెప్పి రావు, ఓపిక పట్టాలి. ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌కు ఊరు దూరం, బండి ముందే మాట్లాడుకోండి. పట్టాల మీదికి మాత్రం అడుగు పెట్టొద్దు.